పాపకి నాలుగో తరగతి

నర్సీపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అత్తయ్యకి కూడా చదివి వినిపించాను. ఫోనులో తేల్చెయ్యకుండా కూర్చుని ఇంత వివరంగా రాశావు, మంచి పని చేశావు. టౌనులోని ప్రైవేటు బడివాళ్లు మీ ఏటికొప్పాక వచ్చి, పాప చేత ఎక్కాలు చెప్పించుకుని, కాగితం మీద నాలుగు లెక్కలు చేయించి, "ఈ పిల్లకి నాలుగో తరగతి దండగ, జూన్‌లో సరాసరి ఐదులో కూర్చోబెడతాం, బస్సు ఫీజు కూడా అక్కర్లేదు" అన్నారని రాశావు. అల్లుడుగారు సరే అంటున్నారు, మీ అత్తగారు వద్దంటున్నారు, మధ్యలో నీకు నిద్ర పట్టడం లేదు. ముప్పై ఏళ్లకి పైగా చిన్న తరగతులకి పాఠాలు చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తాను. చదివి మీ ఇద్దరూ మాట్లాడుకోండి.

ముందు మీ అత్తగారి మాట. ఈడుకి మించిన చదువు పిల్లని పాడు చేస్తుందన్నారట. పెద్దావిడ ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటని నేను ఒప్పుకోను. పంచాయతీ సమితి బడుల రోజుల్లో డబుల్ ప్రమోషన్ మామూలే. హెడ్మాస్టరు నోటిమాట మీద రెండో తరగతి పిల్లాడు వెళ్లి నాలుగులో కూర్చునేవాడు. పుట్టినతేదీ కూడా ఆయనే వేసేవాడు. మా తరంలో చాలామందికి రికార్డుల్లో జూలై ఒకటే పుట్టినరోజు అయిందంటే అందుకే. అలా దాటి వెళ్లినవాళ్లలో బాగా చదువుకుని స్థిరపడ్డవాళ్లని నేనెరుగుదును. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఎన్నో ఏళ్ల పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి 2004లో ఒక నివేదిక ఇచ్చారు. చురుకైన పిల్లల్ని ముందుకు పంపితే చదువులో లాభమే తప్ప, తోటివాళ్లతో కలవలేకపోతారనే భయానికి ఆధారం లేదని దాని సారాంశం. ఆస్ట్రేలియాలో మిరాకా గ్రాస్ అనే ఆవిడ అసాధారణమైన తెలివి ఉన్న అరవైమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. వయసు పేరు చెప్పి కింది తరగతుల్లోనే ఆపేసిన పిల్లలే ఎక్కువగా ఒంటరివాళ్లయ్యారని ఆవిడ రాశారు. కాబట్టి తరగతి దాటించడమే తప్పని అనుకోకండి. అది తప్పు కాదు.

ఇక అల్లుడుగారి సంగతి. పేపర్లో చూసిన పిల్లల్ని తలుచుకుని ఆయన మనసు ఉరకలు వేస్తోందని నాకు తెలుసు. హైదరాబాద్‌లో కాశీభట్ట సంహిత పదేళ్లకే పదో తరగతి పాసై, పదహారేళ్లకి ఇంజనీరింగ్ పూర్తి చేసింది. టేబుల్ టెన్నిస్ ఆడే నైనా జైస్వాల్ ఎనిమిదేళ్లకి పది, పదమూడేళ్లకి డిగ్రీ దాటి, ఇరవై రెండేళ్లకి మన రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పుచ్చుకుంది. ఆ పిల్లల కష్టం తక్కువదని నేననను. నైనాకి చదువు ఇంట్లోనే సాగింది. తల్లిదండ్రులు తమ రోజంతా పిల్లల చదువు చుట్టూ అమర్చుకున్నారు. లక్క బొమ్మల ఆర్డరు వచ్చిన వారం పొద్దస్తమానం లేత్ మిషను ముందు కూర్చునే అల్లుడుగారికీ, బొమ్మలు సర్ది పెట్టెల్లో పెట్టే నీకూ ఆ వెసులుబాటు ఎక్కడిది? బీహార్ అబ్బాయి తథాగత్ తులసి సంగతి కూడా చెప్పు ఆయనకి. పన్నెండేళ్లకే ఎమ్మెస్సీ చేశాడు. బెంగళూరు ఐఐఎస్సీ నుంచి పీహెచ్‌డీ అందుకునేసరికి అతనికి ఇరవై ఒకటి. ఎమ్మెస్సీ నుంచి అక్కడికి తొమ్మిదేళ్లు పట్టింది. చిన్నప్పుడు ఎంత వేగంగా వెళ్లినా, లోతైన పని దగ్గరికి వచ్చేసరికి దాని కాలం అది తీసుకుంటుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన తల్లిదండ్రులు టెరెన్స్ టావో అనే గణితవేత్త అమ్మానాన్నలు. ఆస్ట్రేలియాలో ఉండేవాళ్లు. తండ్రి పిల్లల డాక్టరు, తల్లి లెక్కలూ ఫిజిక్సూ చెప్పిన టీచరు. మూడున్నరేళ్లకే బడిలో వేశారు గానీ, అంతసేపు తరగతిలో కూర్చునే ఓపిక పిల్లాడికింకా రాలేదని కొద్ది వారాలకే ఇంటికి తెచ్చేసుకున్నారు. ఐదేళ్లకి మళ్లీ చేర్చాక ఏ సబ్జెక్టు ఎంతవరకు వచ్చిందో చూసుకుని, దానికి తగ్గ తరగతిలో అది చదివించారు. ఎనిమిదేళ్లవాడు హైస్కూల్లో లెక్కలు చేసుకుని, మిగతా పాఠాలకి చిన్నపిల్లల మధ్య కూర్చునేవాడు. యూనివర్సిటీకి పూర్తిగా పంపడానికి కూడా తొందరపడలేదు, కొన్నేళ్లు ఆగారు. ఆ అబ్బాయికి 2006లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ పిల్లాడు ఏ తరగతి అన్నది లెక్కపెట్టుకోలేదు, వాడికి ఏం వచ్చు, ఏం కావాలి అన్నదే చూశారు.

పాపకి ఏం వచ్చో మనకి నిజంగా తెలుసా? టౌను బడివాళ్లు చూసింది ఎక్కాలు, కూడికలు. లెక్కల్లో ముందున్న పిల్ల అన్నిటిలోనూ ముందుంటుందని లేదు. 1905లో శ్రీనివాస రామానుజన్ కుంభకోణం నుంచి ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చింది మన విశాఖపట్నానికే. అప్పటికి పదిహేడేళ్లవాడు. లెక్కల్లో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు తప్పడంతో స్కాలర్‌షిప్ పోయింది, ఆ బాధలో వచ్చేశాడు. అంతటివాడికే చదువులన్నీ సమంగా నడవలేదు. ఇంకో సంగతి. అన్న నాలుగో తరగతి పాఠాలు ఇంట్లో గట్టిగా చదువుతుంటే పాప పక్కనుంచి వింటోంది. ఆ పాఠాలు అప్పజెప్పేస్తోందని నువ్వు మురిసిపోయి రాశావు. విని పట్టడం వేరు, తనంతట చదివి అర్థం చేసుకోవడం వేరు. అందుకని ఒక పని చెయ్యి. బడిలో మాస్టారిని అడిగి నాలుగో తరగతి వార్షిక పరీక్ష కాగితాలు తెప్పించు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం నాలుగూ. ముందు చదివించకుండా, రోజుకొకటి చొప్పున రాయించు. మార్కులు వెయ్యకు, రాసినవి నాకు పంపు. తెలుగులో తన సొంత మాటల్లో పది వాక్యాలు రాయగలుగుతోందా, భిన్నాల దగ్గర బొమ్మ గీసి ఆలోచిస్తోందా లేక అంకెలు వేసి ఊహిస్తోందా, చెయ్యి నొప్పెడుతోందని మధ్యలో ఆపేస్తోందా, ఇవి చూస్తాను.

నిబంధనల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే టౌను బడివాళ్లు ఇది మీకు చెప్పరు. పాపలాంటి పిల్లకి మన జిల్లాల్లో దొరికే మంచి చోటు నవోదయ. ఆరో తరగతిలో ప్రవేశం, చదువుతో పాటు తిండి, వసతి. ఆడపిల్లలకి ఫీజు ఉండదు, సీట్లలో మూడోవంతు వాళ్లకే. జిల్లాలో కనీసం నూటికి 75 సీట్లు పల్లెటూరి పిల్లలకి కేటాయిస్తారు. ఆ కోటాలో రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కొక్కటీ పూర్తి విద్యాసంవత్సరం పల్లెటూరి బడిలోనే చదివి పాసవ్వాలి. నాలుగు దాటేసి, ఐదుకి మునిసిపాలిటీలో ఉన్న బడికి వెళ్తే ఆ తలుపు రెండు రకాలుగా మూసుకుపోతుంది. వయసు లెక్క కూడా ఉంది. పాపకి మొన్న డిసెంబరులో ఎనిమిది నిండాయి. ఒక ఏడాది దాటిస్తే తొమ్మిదిన్నరేళ్లకి ఆరులోకి రావాలి, నవోదయకి ఆ వయసు చాలదు. కోరుకొండ సైనిక్ స్కూలులో ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు, అక్కడ ఆరో తరగతికి మార్చి 31 నాటికి పదేళ్లు నిండాలి. అదీ కుదరదు. నవోదయ పరీక్ష ఒక పిల్ల జీవితంలో ఒక్కసారే రాయగలదు. తెలుగులోనే రాయొచ్చు, రెండు గంటలు, 80 ప్రశ్నలు, అందులో సగం తర్కానివి. పాపకి తగ్గ పరీక్ష అది. తరవాత పదో తరగతికి 14 ఏళ్ల నిబంధన, తగ్గితే మినహాయింపు దరఖాస్తు. డాక్టరీకి నీట్ రాయాలంటే ఆ ఏడు డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. డిసెంబరు పుట్టుక కాబట్టి ఒక ఏడాది దాటినా అక్కడ గట్టెక్కుతుంది, రెండోసారి దాటిస్తే ఇంట్లో కూర్చుని ఎదురుచూడాలి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఆపిన సంగతికి వస్తాను. నీ ఉత్తరం చివర పాప అన్న తరగతి గురించి ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశావు: "జూన్‌కి వాడూ ఐదులోకే వెళ్తాడు." అక్కడే ఉంది తల్లీ, అసలు విషయమంతా. అయోవా వాళ్లే తరగతి దాటించే ముందు చూసుకోవలసినవన్నీ పట్టికగా వేశారు. అందులో రెండు మూడు సంగతులకి మిగతా లెక్కలేవీ చూడకుండానే వద్దనెయ్యమంటారు. పిల్లకి ఇష్టం లేకపోతే వద్దు. తోబుట్టువు పిల్ల ఉన్న తరగతిలో ఉన్నా వద్దు, వెళ్లబోయే తరగతిలో ఉన్నా వద్దు. ఎక్కడో అమెరికాలో రాసుకున్న మాట, మీ ఇంటికి సరిగ్గా సరిపోయింది.

పొద్దున్నే చెల్లెలు టై కట్టుకుని బస్సెక్కి ఐదో తరగతికి వెళ్తుంది. ఏడాది పెద్దవాడైన అన్న నడిచి అదే ఐదో తరగతికి వెళ్తాడు. చుట్టాలు వస్తారు, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతారు. పరీక్షల మార్కులు ఒకే వారంలో వస్తాయి. మీరు పోల్చకపోయినా ఊరు పోలుస్తుంది. ఒకటో తరగతి పిల్లలకి కూడా ఆ లెక్క తెలిసిపోతుంది. ఇది ఒక్క ఏడాదితో పోదు, పదో తరగతి దాకా వాడి వెనకే నడుస్తుంది. పాపకి కూడా ఇది మంచిది కాదు. అన్న చిన్నబోతున్నాడని గ్రహించే వయసు దానికి వచ్చింది. కొందరు ఆడపిల్లలు అలాంటప్పుడు తెలిసిన జవాబు తెలియనట్టు ఊరుకోవడం నేర్చుకుంటారు. నా తరగతుల్లో అలాంటివాళ్లని చూశాను.

వాడి గురించి నువ్వు తక్కువ రాశావు గానీ రాసింది చాలు నాకు. అంకుడు కర్ర చేత్తో పట్టుకుని ఇది ఆరింది, ఇది ఆరలేదు అని వాళ్ల నాన్న కంటే ముందే చెప్పేస్తాడన్నావు. తొమ్మిదేళ్లవాడికి అది చిన్న విద్య కాదు. మీ ఊరి లక్క బొమ్మకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు నుంచీ, నీలి ఆకు నుంచీ, గింజల నుంచీ, బెరడుల నుంచీ సహజ రంగులు తీసి వాటిని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్ మీద మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. అలాంటి పని చెయ్యగల చేతులున్న పిల్లాడు చెల్లెలి పక్కన వెనకబడ్డవాడిగా పెరగకూడదు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

అలాగని పాపని ఊరికే కూర్చోబెట్టమనను. తరగతిలో విసుగు పుట్టి కిటికీలోంచి చూస్తూ గడిపే ఏడాది పిల్లకి నిజంగా నష్టమే. మీ బడిలో నాలుగు, ఐదు ఒకే గదిలో కూర్చుంటాయన్నావు. పెద్ద తరగతి పాఠం ఎలాగూ చెవిన పడుతుంది. మాస్టారితో నువ్వే మాట్లాడు. లెక్కల గంటలో పాపకి వేరే పని ఇమ్మను, పై తరగతుల లెక్కల పుస్తకాలు నేను పంపుతాను. అన్న తరగతికి వేసిన ప్రశ్న చెల్లెల్ని మాత్రం అడగొద్దని చెప్పు. ఇంటి దగ్గర ఇద్దరికీ కలిపి పనులు పెట్టు. బొంగరం చుట్టూ దారం పెట్టి కొలవమను, అడ్డంగా కొలవమను, చిన్న బొంగరమైనా పెద్ద బొంగరమైనా చుట్టుకొలత అడ్డుకొలతకి మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువే ఎందుకు వస్తోందో రాయమను. ఒక కర్రలో ఎన్ని బొంగరాలు వస్తాయి, పొట్టు ఎంత పోతుంది, లక్కలో పసుపు ఎంత కలిపితే ఏ ఛాయ వస్తుంది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో. కర్ర ఎంచడం వాడి వంతు, లెక్క కట్టడం దాని వంతు. నవోదయ తర్కం లెక్కలు ఆదివారాలు నేనొచ్చి చెప్తాను.

వాడు ఇంట్లో లేకపోయి ఉంటే, నాలుగు కాగితాలూ పాప బాగా రాసి ఉంటే, పాపే వెళ్తానని అడిగి ఉంటే, టౌను బడి కాకపోయినా మీ ఊరి బడిలోనే దాటించమని నేనే హెడ్మాస్టరుతో మాట్లాడేవాణ్ణి. ఇప్పుడున్న పరిస్థితుల్లో వద్దు. పాపని ఒకసారి ఒంటరిగా కూర్చోబెట్టుకుని తనకేం కావాలో అడుగు. నీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, దాని మాట లేదు. ఏం చెప్పినా నాకు రాయి.

టౌను బడివాళ్లకి మర్యాదగా వద్దని చెప్పెయ్యండి. జూన్‌లో పాపని మీ ఊరి బడిలో నాలుగో తరగతిలోనే ఉంచండి. అల్లుడుగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు, ఆయనకి ఇంకా సందేహముంటే బొమ్మల లోడు దిగాక ఒకరోజు నర్సీపట్నం రమ్మను, కూర్చుని మాట్లాడుకుందాం. పిల్లలిద్దరికీ నా ముద్దులు.

ఆశీస్సులతో,
మీ మావయ్య