సందేహాలు - సమాధానాలు: జూ, జింకలు, బట్టమేక పిట్ట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చినవే. అన్నీ జూ గురించో, జూకు పంపాలనుకున్న జంతువుల గురించో అడిగినవే. అందుకే వాటన్నిటికీ ఒకే చోట జవాబిస్తున్నాను.

వేసవి సెలవుల్లో పిల్లలను హైదరాబాద్ జూకు తీసుకెళ్లాం. సింహాన్ని చూసి మా పాప, "ఇది ఏం తప్పు చేసిందని బంధించారమ్మా?" అని అడిగింది. జవాబు తోచలేదు. జూలు నిజంగా జంతువులను కాపాడుతున్నాయా, లేక అంతా మన వేడుకకేనా?
*— ఒక తల్లి, ఆదోని*

మీ పాప అడగాల్సిన ప్రశ్నే అడిగిందమ్మా. ఆ సింహం ఏ తప్పూ చేయలేదు. ప్రపంచంలో చాలా జూలు పుట్టింది వేడుకకే. మన హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబరు 6న తలుపులు తెరిచినప్పుడు కూడా జనం కుటుంబాలతో వచ్చింది వినోదానికే. కాకపోతే మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల చోటు దొరికింది. దాంతో చాలా జంతువులను ఇరుకు బోనుల్లో కాకుండా కందకాల వెనుక ఆరుబయట ఉంచగలిగారు. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడ్డాక దేశంలో ఏ జూ నడవాలన్నా దాని గుర్తింపు తప్పనిసరైంది. జంతువుకు ఎంత చోటు ఇవ్వాలి, వైద్యం ఎలా అందించాలి, ఏది ఎవరికి పుట్టిందో ఎలా నమోదు చేయాలి అన్నవాటికి నియమాలు వచ్చాయి. వంశావళి రాసిపెట్టకపోతే దగ్గరి రక్తసంబంధం ఉన్న జంతువులే జతకట్టి, నాలుగైదు తరాల్లో పిల్లలు బలహీనపడతాయి.

కాపాడటం అంటే ఏమిటో మూషిక జింక కథలో కనిపిస్తుంది. కుందేలంత ఉండే ఈ జీవి మూడు కిలోలకు మించి తూగదు, పగలు కంటపడదు. 2010లో హైదరాబాద్ జూ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలిసి కొద్దిపాటి మూషిక జింకలతో పెంపకం మొదలుపెట్టాయి. కొన్నేళ్లకే వాటి సంఖ్య రెండొందలు దాటింది. తర్వాత విడతలవారీగా నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తరలించారు. అక్కడా ఒక్కసారిగా వదిలేయలేదు. ముందు అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచి, ఆకు, కాయ వెతుక్కోవడం అలవాటయ్యాక బయటికి పంపారు. సందర్శకులకు ఇందులో ఏదీ కనిపించదు. జూ చేసిన మంచి పనుల్లో నేను ముందు చెప్పేది మాత్రం ఇదే.

ఏ జూనైనా నేను ఒక్క ప్రశ్నతోనే అంచనా వేస్తాను: లోపల పుట్టిన జంతువుకు బయట చోటు వెతుకుతున్నారా, లేదా? మీరు చూసిన సింహం గిర్ అడవికి ఎన్నటికీ వెళ్లదు. పాపకు ఆ నిజమే చెప్పండి. దాని పక్కనే, అదే గోడల మధ్య పుట్టిన చిన్న జింకలు నల్లమలకు వెళ్లాయని కూడా చెప్పండి. రెండూ నిజాలే, రెండింటినీ అర్థం చేసుకునే వయసు పాపకు వచ్చినట్టే ఉంది.

తెల్ల పులులు అంతరించిపోతున్నాయి కదా, వాటిని జూల్లో ఎక్కువగా పెంచితే మంచిదే కదా సార్?
*— పదో తరగతి విద్యార్థి, ఎమ్మిగనూరు*

తెల్ల పులి వేరే జాతి కాదు బాబూ. మామూలు పులిలోనే ఒక జన్యు మార్పు వల్ల పసుపు రంగు పోయి, చారలు మిగులుతాయి. ఇప్పుడు జూల్లో ఉన్న తెల్ల పులుల్లో ఎక్కువ భాగం 1951లో రేవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పులి సంతతే. ఆ రంగు కోసం తండ్రితో కూతురిని జతకట్టించారు. అందుకే వీటిలో మెల్లకన్ను, ఇతర లోపాలు ఎక్కువ. అడవిలో పులిని కాపాడటానికి ఇవి పనికిరావు. చూడటానికి ముచ్చటగా ఉండటమే వాటికి శాపమైంది.

వానాధారంగా శనగ, కంది వేస్తాం. మొలక రాగానే జింకల గుంపులు చేలో పడుతున్నాయి. మేసింది కొంతైతే తొక్కింది అంతకు రెండింతలు. రాత్రుళ్లు కాపలా కాయలేక చస్తున్నాం. వీటన్నిటినీ పట్టి హైదరాబాద్ జూకో తిరుపతి జూకో తోలితే ఏం పోతుంది?
*— ఒక రైతు, ఎమ్మిగనూరు దగ్గరి పల్లె*

మీ కోపం న్యాయమైనదే అన్నా. అయితే జూ దీనికి దారి కాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదటిది, జూకు జింకల కొరత లేదు. చుక్కల దుప్పులు, కృష్ణజింకలు జూల్లో బాగా పిల్లలు పెడతాయి. చాలా జూలకు వాటితో వచ్చే చిక్కు మిగులే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల విస్తీర్ణం ఐదున్నర వేల ఎకరాలు, దేశంలోకెల్లా పెద్ద జూల్లో ఒకటి. అయినా అందులో ఎక్కువ భాగం కొండ, అడవి. కృష్ణజింకకు కావాల్సింది చదునైన గడ్డి నేల.

రెండోది, కృష్ణజింకను పట్టడం అంత తేలిక కాదు. తరిమితే అది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. వలలో పడ్డాక భయంతోనే కండరాలు దెబ్బతిని, గాయమేమీ లేకుండానే చచ్చిపోవచ్చు. ఈ ఇబ్బంది తగ్గించడానికి ఆఫ్రికాలో బోమా అనే పద్ధతి తెచ్చారు. గరాటు ఆకారంలో గుడ్డ గోడలు కట్టి, గుంపును మెల్లగా లోపలికి నడిపి, నేరుగా లారీలోకి ఎక్కిస్తారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో రైతుల పొలాల నుంచి కృష్ణజింకలను హెలికాప్టర్ సాయంతో ఇలాగే బోమాలోకి మళ్లించి అభయారణ్యాలకు తరలించారు. పడమటి కర్నూలుకు ఇలాంటిదే కావాలని మీరు అడగవచ్చు. పంచాయతీ తీర్మానం చేసి అడగండి. గుంపులు మరీ పెరిగిన చోట తరలింపు అవసరమేనన్నది నా అభిప్రాయం కూడా. పట్టినవాటిని పంపాల్సింది మాత్రం జూకు కాదు, గడ్డి ఉన్న అభయారణ్యానికి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ జింక మీ చేలోకి ఎందుకొచ్చింది? ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు ఒకప్పుడు ఊరికో బీడు, వాగు పక్కన మేత భూములు ఉండేవి. గొర్రెలు, జింకలు, తోడేళ్లు అక్కడే ఉండేవి. బీళ్లు దున్నారు, కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్ని చోట్ల గనులొచ్చాయి. తోడేళ్లకు విషం పెట్టారు. జింకను వేటాడే జంతువు పోయింది, మేసే నేల తరిగింది, పచ్చగా మిగిలింది మీ శనగ చేను ఒక్కటే.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే జైలు తప్పదు. కరెంటు తీగ అసలు పెట్టొద్దు. రాత్రిపూట ఆ తీగకు జింక కన్నా ముందు మనిషే తగులుకునే ప్రమాదం ఉంది. పంట పోయిన వెంటనే ఫొటోలు తీసుకోండి. సర్వే నంబరుతో అటవీశాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పక్క రైతులందరూ కలిసి ఇస్తే ఇంకా మంచిది. రాష్ట్ర జంతువును పోషించే ఖర్చు మొత్తం వానాధార రైతు నెత్తిన వేయడం ధర్మం కాదు. ఈ మాట నేను అటవీ అధికారుల ముందు కూడా చెబుతూనే ఉన్నాను.

రోళ్లపాడు బట్టమేక పిట్ట గురించి పాఠం చెబుతుంటే పిల్లలు, "జూలో గుడ్లు పొదిగించి మళ్లీ వదలొచ్చు కదా" అన్నారు. అది కుదురుతుందా?
*— ఒక ఉపాధ్యాయిని, ఆదోని*

పిల్లలు చెప్పిన పనే ఇప్పుడు రాజస్థాన్‌లో జరుగుతోంది టీచర్ గారూ. ఆ పక్షి కథలో మీ ఊరికీ చోటుంది.

బట్టమేక పిట్ట మీటరు ఎత్తు ఉంటుంది. మగది 15 కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో ప్రపంచంలోనే బరువైన వాటిలో ఒకటి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. ముందువైపు చూపు తక్కువ కావడంతో కరెంటు తీగలను ఆలస్యంగా గుర్తించి, బరువు వల్ల పక్కకు తప్పుకోలేక గుద్దుకుంటుంది. ఇప్పుడు దేశం మొత్తం మీద నూటయాభై దాకానే ఉన్నాయని అంచనా, వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ ఎడారిలోనే. 1980లలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన అసద్ రహ్మానీ రోళ్లపాడులో వీటి మీద పరిశోధన చేశారు. 1988లో అక్కడి గడ్డి నేలను అభయారణ్యంగా ప్రకటించారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, అలగనూరు జలాశయం కట్టారు. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి పక్క చేలల్లో పడ్డాయి. పంట పోయిన రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఇప్పుడు అక్కడ గడ్డి ఉంది, బట్టమేక లేదు. పైన ఎమ్మిగనూరు రైతు రాసిన ఉత్తరాన్ని దీనితో కలిపి చదవమని పిల్లలకు చెప్పండి.

ఇక మీ ఊరి సంగతి. ఆదోనికి నేరుగా పడమర, తుంగభద్ర ఒడ్డున ఉన్న సిరుగుప్ప తాలూకా నల్లరేగడి నేలల్లో కర్ణాటకలో మిగిలిన కొద్ది బట్టమేకలను పక్షి పరిశీలకులు గుర్తించారు. పక్షికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. మీ వైపు బీళ్లలో ఏనాడైనా కనిపించే వీలుంది.

మామూలు జూలో ఈ పక్షి నిలవదు. జనం అలికిడికే బెదిరి కంచెకు కొట్టుకుంటుంది. అందుకే 2019లో కేంద్ర ప్రభుత్వం, భారత వన్యప్రాణి సంస్థ, రాజస్థాన్ అటవీశాఖ కలిసి జైసల్మేర్ జిల్లాలో సందర్శకులకు ప్రవేశం లేని పెంపక కేంద్రం మొదలుపెట్టాయి. ఎడారిలో పెట్టిన కొన్ని గుడ్లను సేకరించి యంత్రాల్లో పొదిగించారు. అబుధాబిలో బట్టమేక కుటుంబానికే చెందిన హౌబారా పక్షులను వేల సంఖ్యలో పెంచిన నిపుణుల నుంచి ఈ విద్య నేర్చుకున్నారు. 2024 అక్టోబరులో రామ్‌దేవ్రా కేంద్రంలోని మగపక్షి వీర్యాన్ని సుదాసరి కేంద్రంలోని ఆడపక్షికి ఎక్కించి, కృత్రిమ గర్భధారణతో ఒక పిల్లను పుట్టించారు. మన లాకోన్స్ 2006లో చుక్కల దుప్పిలో, 2007లో కృష్ణజింకలో ఇలాంటి గర్భధారణ సాధించింది. సులభంగా దొరికే జంతువుల మీద ముందు చేయి తిప్పుకుంటేనే అరుదైనవాటి మీద ధైర్యంగా ప్రయత్నించగలం.

అయినా యంత్రంలో పొదిగి, మనిషి చేతి మేతతో పెరిగిన పిట్టకు నక్క అంటే భయం తెలియదు. దాని పిల్లలకైనా ఆ భయం నేర్పాలి, దానికి ఏళ్లు పడుతుంది. విత్తనాన్ని గాదెలో ఎంత భద్రంగా దాచినా, చల్లడానికి చేను ఉండాలి కదా. అరేబియా ఓరిక్స్ అనే జింక విషయంలో లోకం ఇది చూసింది. అడవిలో చివరిది 1972లో పోయింది. అమెరికాలోని ఫీనిక్స్ జూలో ముందుచూపుతో దాచిన మందతో దాన్ని 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదిలారు. మంద పెరిగింది. మళ్లీ వేటగాళ్లు పడ్డారు, ప్రభుత్వం అభయారణ్యాన్నే కుదించింది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. జూ తన పని చేసింది, తప్పింది నేల దగ్గరే.

మా ఇంట్లో పదేళ్లుగా ఒక నక్షత్ర తాబేలు ఉంది. కలిసొస్తుందని మా మామగారు తెచ్చారు. ఇది నేరమని ఈమధ్య విన్నాం. జూకు ఇచ్చేయాలా, బయట పొలంలో వదిలేయాలా?
*— ఒక గృహిణి, ఆదోని*

ఇంట్లో ఉంచుకోవడం నేరమే తల్లీ. తొందరపడి పొలంలో మాత్రం వదలకండి. పదేళ్లు వంటింటి మేత తిన్న తాబేలు బయట బతకకపోవచ్చు, జబ్బు ఉంటే మిగతావాటికి అంటిస్తుంది. పైగా ఒక్కో ప్రాంతపు తాబేళ్ల జన్యువులు ఒక్కోలా ఉంటాయి. ఎక్కడి నుంచి తెచ్చారో తెలియకుండా కలిపేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. స్మగ్లర్ల నుంచి పట్టుకున్న తాబేళ్లను వెంటనే అడవిలో వదలకపోవడానికి ఇదీ ఒక కారణం. దగ్గరి అటవీశాఖ కార్యాలయంలో మీరే స్వయంగా అప్పగించండి. జూకు పంపాలో ఎక్కడికి పంపాలో వాళ్లు తేలుస్తారు.

చిన్నప్పుడు మా ఊరి చివర గొడ్డు చచ్చిపడేస్తే గంటలో రాబందులు వాలేవి. ఇప్పుడు కుక్కలు తప్ప ఏమీ రావు. జూవాళ్లు రాబందులను పెంచుతున్నారట, మా వైపు ఎప్పుడు వదులుతారు?
*— పాడి రైతు, ఎమ్మిగనూరు*

అది మీ చేతుల్లో కూడా ఉంది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. తెల్లవీపు రాబందు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపేశారు. హరియాణాలోని పింజోర్‌లోనూ, హైదరాబాద్ జూకు అనుబంధంగానూ పెంపక కేంద్రాలున్నాయి. కాని రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, పిల్ల ఈడుకు రావడానికి ఐదేళ్లు పడుతుంది. విషం ఉన్న నేల మీద వదిలితే ఇరవై ఏళ్ల శ్రమ నెలలో పోతుంది.

మీ పశువుకు నొప్పి మందు రాయించుకునేటప్పుడు మెలాక్సికామ్ అడగండి. అది రాబందుకు హాని చేయదు. మనుషుల డైక్లోఫెనాక్ సీసా పశువుకు పొడవనివ్వకండి. జనవరిలో నీలకంఠేశ్వర జాతర పరసకు ఊళ్లూళ్ల నుంచి ఎద్దులు వస్తాయి కదా, అక్కడ పశుసంవర్ధక శాఖవాళ్లను కలిసి ఈ మందుల పేర్లు తెలుగులో రాసిన బోర్డు ఒకటి పెట్టించండి.