దానిమ్మ తొక్కలో కాపలాదారులు



నాకు సిల్చార్‌లో పోస్టింగు వచ్చిన ఏడాది, వానలు మొదలైన రెండు నెలలకే అలమరలో వేలాడదీసిన తోలు బెల్టుకు బూజు పట్టింది. బదిలీ కోసం కట్టి, విప్పకుండా వదిలేసిన పుస్తకాల పెట్టెలోనూ అదే వాసన. ఇంకొన్నాళ్ళకు నా మోచేతి దగ్గర గుండ్రంగా తామర లేచింది. బెల్టు మీది బూజూ, చేతి మీది తామరా రెండూ శిలీంధ్రాల పనే.

మరి అదే వానలో తడిసే కాయలన్నీ ఎందుకు కుళ్ళిపోవు?

చెట్టుకు మనలా బదిలీలు లేవు. గాలిలో కొట్టుకొచ్చిన సిద్ధబీజాలు మీద వాలినా ఉన్నచోటే ఉండి కాచుకోవాలి. అందుకని ఆకుల్లో, బెరడులో, కాయ తొక్కలో కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. మామిడాకులో మాంజిఫెరిన్, జామాకులో క్వెర్సెటిన్ అలాంటివే. దానిమ్మ తొక్కలో టానిన్లు ఎక్కువ. వాటిలో ముఖ్యమైనది ప్యూనికాలజిన్. తొక్క కొరికితే నోరు పిడచగట్టినట్టవుతుంది కదా, అది టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడం వల్ల. శిలీంధ్రం ఆహారాన్ని కరిగించుకోవడానికి వదిలే ఎంజైములు కూడా ప్రోటీన్లే. టానిన్లు వాటినీ అలాగే పట్టేస్తాయి. వగరంటే మనకు గిట్టదు కానీ, కాయకు అదే కవచం.

దీన్ని ప్రయోగశాలలో ఎలా చూస్తారు? ఎండబెట్టిన తొక్కపొడిని నీళ్ళలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడకట్టి సారం తీస్తారు. పెట్రీ పళ్ళెంలో అగార్ జెల్లీ మీద శిలీంధ్రాన్ని పరిచి, సారంలో ముంచిన కాగితపు బిళ్ళను మధ్యలో పెడతారు. సారం పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం మిగులుతుంది. దాని వెడల్పును మిల్లీమీటర్లలో కొలుస్తారు. కమలాలు, బత్తాయిల మీద పచ్చటి పొడిలా పట్టే పెనిసిలియం బూజు మీద దానిమ్మ తొక్క సారాన్ని ఇలా పరీక్షించి, మంచి ఫలితాలే చూశారు.

యాంటీ ఆక్సిడెంటు గుణానికి ఇంకో పరీక్ష ఉంది. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో సారం కలిపితే, అది ఫ్రీ రాడికల్స్‌ను అణచివేసిన కొద్దీ రంగు పసుపులోకి దిగుతుంది. 517 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో యంత్రం లెక్క చెబుతుంది.

టానిన్లను మీరు ఇంట్లోనే చూడవచ్చు. దానిమ్మ తొక్క మరిగించిన నీళ్ళలో తుప్పు పట్టిన మేకు రాత్రంతా ఉంచండి. నీళ్ళు నల్లబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నల్లగీత గీసేదీ ఇదే సూత్రంతో. ఆ నీళ్ళు మాత్రం తాగొద్దు.

ఇక నా తామర కథ. పళ్ళెంలో బూజు ఆగిందంటే చర్మం మీదా ఆగుతుందని నమ్మి, మందుల షాపుకు వెళ్ళే బద్ధకంతో నిమ్మచెక్క రుద్దుకుని ఎండలో ఆటల పోటీలకు నిలబడ్డాను. నిమ్మలోని ఫ్యూరానోకౌమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయని అప్పటికి నాకు తెలియదు. మర్నాటికి ఎర్రబడింది, ఆ పైన పొక్కులు లేచాయి. తామర మాత్రం చెక్కుచెదరలేదు. చివరికి డాక్టరు రాసిన పూతమందు, దురద తగ్గాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు రాస్తేనే పోయింది.

పొక్కులు మానినచోట నల్లమచ్చ చాన్నాళ్ళు ఉండిపోయింది. అది పూర్తిగా చెరగకముందే నా తర్వాతి బదిలీ ఉత్తర్వు వచ్చేసింది.