నక్షత్రాల బాట: ఒక టెలివిజన్ ధారావాహికకు ప్రేక్షకుల స్పందన – ఒక పరిశీలన

నాటకం రంగస్థలం మీద ఆరంభమై ప్రేక్షకుని హృదయంలో పూర్తి అవుతుందని మన పూర్వులు భావించారు. భరతముని నాట్యశాస్త్రంలో ప్రదర్శన సఫలతను తెలిపే చిహ్నాలను ‘సిద్ధి’ అనే పేరుతో ఒక అధ్యాయంలో ప్రత్యేకంగా వివరించాడు. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వడం, ‘సాధు’ అని మెచ్చుకోవడం, ‘కష్టం’ అని నిట్టూర్చడం, ఒడలు గగుర్పొడవడం, ఆసనాల నుండి లేవడం మానుషీ సిద్ధికి లక్షణాలు. నిండు సభలో ఏ చప్పుడూ లేక అందరూ నిశ్చలులై ఉండిపోవడం దైవీ సిద్ధి. ముషాయిరాలో శ్రోతలు ‘వాహ్ వాహ్’ అనడమూ, ‘ముకర్రర్’ అని షేర్‌ను మళ్ళీ చదివించుకోవడమూ ఇట్టి సంస్కారానికే చెందినవి. వినేవాడు లేనిదే చెప్పేవాని కళ సంపూర్ణం కాదని ఈ రెండు సంప్రదాయాలూ అంగీకరించాయి.

ఈ దృష్టితో మేము ఒక ఆధునిక టెలివిజన్ ధారావాహికలోని ఒక భాగాన్ని, దానికి లభించిన స్పందనలను పరిశీలింపదలచాము. ఆ ధారావాహిక పేరు ‘మిస్ మార్వెల్’. అతిమానుష శక్తులు గల వీరుల కథలను కళాశాల సంచికలో చర్చించడం దేనికని కొందరికి తోచవచ్చు. కాని ఆ కథకు కేంద్రం ఒక ముస్లిం కుటుంబం. మేము పరిశీలిస్తున్న భాగానికి వస్తువు 1947 నాటి దేశవిభజన. కనుక ఇది మనకు దూరమైన విషయం కాదు.

కథా పరిచయం

కమలా ఖాన్ అనే పాత్ర మార్వెల్ సంస్థ వారి చిత్రకథలలో 2013లో తొలిసారిగా కనిపించింది. 2014లో ఆమె పేర ప్రత్యేక చిత్రకథామాలిక ఆరంభమైంది. దాని మొదటి సంపుటానికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. ఆ కథ ఆధారంగా నిర్మించిన ఆరు భాగాల ధారావాహిక 2022 జూన్ 8న మొదలై జూలై 13న ముగిసింది. అమెరికాలోని జెర్సీ సిటీలో నివసించే పాకిస్తానీ కుటుంబానికి చెందిన బాలిక కమల. తల్లి మునీబా, తండ్రి యూసుఫ్, అన్న ఆమిర్, కరాచీలో ఉన్న అమ్మమ్మ సనా ఆమె కుటుంబం. అమ్మమ్మ పంపిన ఒక పాత కంకణం ధరించగానే కమలలోని వెలుగు శక్తి మేల్కొంటుంది. కథానాయిక పాత్రను ఇమాన్ వెల్లానీ ధరించింది. ఆమె కరాచీలో జన్మించి కెనడాలో పెరిగిన యువతి.

2022 జూలై 6న వెలువడిన ఐదవ భాగం పేరు ‘టైమ్ అండ్ అగైన్’. దీని దర్శకురాలు షర్మీన్ ఒబైద్ చినాయ్ కరాచీ వాస్తవ్యురాలు. డాక్యుమెంటరీ చిత్రాలకు రెండు పర్యాయాలు ఆస్కార్ పురస్కారం పొందిన మహిళ. ఈ భాగం పాత వార్తాచిత్రాల ధోరణిలో నలుపు తెలుపు దృశ్యాలతో ఆరంభమై మనలను 1942 నాటికి తీసుకొని పోతుంది. కమలకు ముత్తవ్వ అయిన ఆయిషాకు గులాబీలు పండించే హసన్ ఆశ్రయమిస్తాడు. వారికి సనా జన్మిస్తుంది. 1947లో కరాచీకి పోవు ఆఖరి రైలును అందుకొనడానికి ఆ ముగ్గురూ స్టేషనుకు బయలుదేరుతారు. ఆ జనసమ్మర్దంలో ఆయిషా మరణిస్తుంది. పసిపిల్ల తండ్రికి దూరమౌతుంది.

ఆ కుటుంబంలో తరతరాలుగా ఒక కథ వాడుకలో ఉన్నది. తప్పిపోయిన పసిపిల్ల నక్షత్రాల బాట వెంట నడిచి తండ్రిని చేరుకున్నదట! ఇంటివారందరూ దానిని ముసలివారి కట్టుకథగా భావించారు. కాని కంకణ ప్రభావంతో కాలంలో వెనుకకు పోయిన కమలయే ఆ రాత్రి తన వెలుగుతో అమ్మమ్మకు దారి చూపింది. ఆ నక్షత్రాలు ఆమె చేతి నుండి వెలువడినవే. మనుమరాలు అమ్మమ్మను కాపాడింది. ఈ భాగమంతటికీ ఇదే జీవం.

మూడు విధాలైన స్పందనలు

ఈ ధారావాహికకు లభించిన స్పందనలను మూడు తరగతులుగా విభజింపవచ్చునని మా అభిప్రాయం.

మొదటి తరగతి, చూడకుండానే వెలువడిన తీర్పు. మొదటి భాగం విడుదలైన నాడే ఐఎండిబి మున్నగు వేదికలలో పదింటికి ఒక్క మార్కు మాత్రమే ఇచ్చినవారు పెద్ద సంఖ్యలో కనిపించారు. ఆరు భాగాలలో ఐదు ఇంకా వెలుగు చూడనే లేదు. వ్రాసినవారిలో అనేకుల ఆక్షేపణ కథ మీద కాదు. కథానాయిక ముస్లిం బాలిక కావడం మీదనే. భరతుడు సిద్ధులతో పాటు ‘ఘాతము’లను, అనగా ప్రదర్శనకు కలిగే విఘ్నాలను కూడ పేర్కొన్నాడు. అసూయతో, ద్వేషంతో, ఎదుటి పక్షం వారి ప్రేరణతో అల్లరి చేసేవారు ఆనాడూ ఉన్నారు. కనుక ఇది నూతన వ్యాధి కాదు. అల్లరిని అభిప్రాయంగా లెక్కించకుండడం విజ్ఞుల ధర్మం. అయితే ధారావాహికను చూసినవారి సంఖ్య స్వల్పమన్న మాటను మాత్రం దీనితో కలుపరాదు. సాంబా టీవీ అనే సంస్థ లెక్క ప్రకారం తొలి 5 దినాలలో మొదటి భాగాన్ని చూసిన అమెరికా కుటుంబాలు 7,75,000. మార్వెల్ వారి ఇతర ధారావాహికలతో పోల్చితే ఇది తక్కువే. నిజాన్ని నిజంగా ఒప్పుకొనడం అభిమానులకు కూడ అవసరం.

రెండవ తరగతి, చూసి తూచినవారి విమర్శ. వీరి ఆక్షేపణలలో బలం ఉన్నది. కథలోని ప్రతినాయకుల వృత్తాంతాన్ని ఐదవ భాగంలో తొందరగా ముగించారని, నజ్మా మరణానికి తగిన కారణం కనిపింపదని పలువురు అన్నారు. కమల పూర్వికులను జిన్నుల కథతో ముడిపెట్టడం కొందరు ముస్లిం ప్రేక్షకులకు రుచించలేదు. హసన్ పాత్ర ధరించిన ఫవాద్ ఖాన్ 2016 నాటి ‘ఏ దిల్ హై ముష్కిల్’ తరువాత 2022 నాటికి హిందీ చిత్రాలలో కనిపించి ఉండలేదు. అతనిని చూసి సంతోషించిన భారతీయ అభిమానులు ఆ పాత్ర ఇంత చిన్నదేమని వాపోయారు. విభజనను ఒక్క కుటుంబం కంటితో, అదియును కరాచీకి పోయే రైలు వైపు నుండి మాత్రమే చూపారనే మాట కూడ వినవచ్చింది. సరిహద్దు దాటి ఇటు వచ్చిన హిందువుల, సిక్కుల రైళ్ళు కూడ రక్తసిక్తమైనవే గదా! నలభై నిమిషాల కథ ఆ మహావిషాదాన్నంతటినీ మోయలేదన్నది వాస్తవం.

మూడవ తరగతి అన్నిటికంటె విలువైనది. అనేకులు ఈ భాగాన్ని చూసిన తరువాత కథను గూర్చి గాక తమ ఇంటిని గూర్చి వ్రాశారు. తాతగారు ఏ ఊరి నుండి వచ్చారో, నానమ్మ ఏ రైలు ఎక్కిందో, ఆ రాత్రిని గూర్చి వారు ఎందుకు నోరు విప్పలేదో తలచుకున్నారు. విభజన అనే సంఘటన జరిగిందని తమకు ఇప్పుడే తెలిసిందని ఒప్పుకొన్న అమెరికన్లు కూడ కలరు. ఆ సంఘటన స్వల్పమైనది కాదు. రాడ్‌క్లిఫ్ 1947 జూలై 8న భారతదేశానికి వచ్చి సుమారు ఐదు వారాలలో సరిహద్దు రేఖను గీశాడు. ఆగస్టు 17న అది ప్రకటితమైంది. దాదాపు 1.2 కోట్ల నుండి 1.5 కోట్ల మంది ఇల్లు వాకిళ్ళు విడిచారు. మృతుల సంఖ్యను చరిత్రకారులు 2 లక్షల నుండి 20 లక్షల వరకు వివిధంగా అంచనా వేశారు. ఇంతటి అంతరమున్న అంచనాయే ఒక విషయం చెప్పుతున్నది: లెక్కకు రాని ప్రాణాలు, వ్రాతకెక్కని కథలు అసంఖ్యాకం.

చూపవచ్చునా, చూపరాదా?

ఇట్టి గాయాలను తెరమీద చూపడం వలన పాత పగలు రేగవా అన్న ప్రశ్న సహజం. మన దేశంలో 1988లో ఈ ప్రశ్న న్యాయస్థానానికే వెళ్ళింది. భీష్మ సాహ్ని నవల ఆధారంగా గోవింద్ నిహలానీ రూపొందించిన ‘తమస్’ ధారావాహికను దూరదర్శన్ ప్రసారం చేస్తున్నపుడు దానిని నిలిపివేయమని కొందరు కోరారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు దానిని స్వయంగా చూసి ప్రసారానికి అనుమతించారు. సుప్రీంకోర్టు కూడ పిటిషన్‌ను త్రోసిపుచ్చింది. ఒక రచన ప్రభావాన్ని వివేకము, మనోధైర్యము గల సామాన్యుని దృష్టితో కొలవాలి గాని, ప్రతి చోట అపాయాన్ని శంకించే దుర్బలుని దృష్టితో కాదని ఆ తీర్పు సారాంశం. ముందుగా చూడుడు, పిదప తీర్పు చెప్పుడు అనే ఆదర్శం ఆ న్యాయమూర్తుల ఆచరణలోనే కనిపించింది. ఇది ప్రతి ప్రేక్షకునికీ పాఠం.

మన ఇంటి కథ

విభజన రైళ్ళు పంజాబులో, బెంగాలులో నడిచినవే గదా, మనకేమి సంబంధమని అనుకొనరాదు. దక్కనుకు తనదైన కథ ఉన్నది. రజాకార్ల దౌర్జన్యాలకు గురియైన పల్లెలు ఈ నేల మీదనే ఉన్నాయి. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన సైనిక చర్య వెంట చెలరేగిన హింసలో ఆప్తులను కోల్పోయిన ముస్లిం కుటుంబాలు కూడ ఈ నేల మీదనే ఉన్నాయి. ఆ సంవత్సరాలలో ఇచటి నుండి కరాచీకి తరలినవారి పేరుమీద ఆ నగరంలో హైదరాబాద్ కాలనీ నేటికీ ఉన్నది. దక్కనీ పచ్చళ్ళ రుచికి అది ప్రసిద్ధి. ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు దేశాల పౌరులై, పెండ్లికి గాని చావుకు గాని ఒకరినొకరు చూసుకొనలేక పోయిన కుటుంబాలు కలవు. మన తరగతి గదులలో ఉర్దూ మాట్లాడే విద్యార్థి ఇంటిలో ఒక మౌనం ఉన్నది. తెలుగు మాట్లాడే విద్యార్థి ఇంటిలో మరొక మౌనం ఉన్నది. ఆ రెండు మౌనాలూ ఒకదాని ప్రక్కన మరొకటి ఒకే బల్లమీద కూర్చుని చదువుకుంటున్నాయి.

1947–48ని స్వయంగా చూసి జ్ఞాపకముంచుకొన్నవారు నేడు ఎనభై ఏండ్లు దాటిన వృద్ధులు. గునీతా సింగ్ భల్లా స్థాపించిన ‘1947 పార్టిషన్ ఆర్కైవ్’ ఇట్టివారి వేలాది వాఙ్మూలాలను సేకరించింది. అమృతసర్‌లో 2017లో విభజన మ్యూజియం ఏర్పడింది. కాని మన వీధిలోని దాదీని, మన పల్లెలోని తాతగారిని అడగవలసినవారము మనమే. ఒక సాయంత్రం, ఒక నోటు పుస్తకం చాలును. చెప్పుమని తొందర పెట్టరాదు; మధ్యలో సరిదిద్దరాదు; ఏ మతం వారి కన్నీరు ఎక్కువ అని తూచరాదు. ప్రేక్షకుడు దుఃఖంలో దుఃఖియై, సంతోషంలో సంతోషియై ఉండవలెనని భరతుడు చెప్పిన లక్షణం శ్రోతకు కూడ వర్తిస్తుంది. ఇట్టి వాఙ్మూలాలను సేకరించి ఉర్దూలోనూ తెలుగులోనూ భద్రపరచే ఏర్పాటును కళాశాల సంఘం వారు మన గ్రంథాలయంలో గావింపవలెనని మా విన్నపం.

ముగింపు

ఈ భాగంలో దోషాలు లేకపోలేదు, వాటిని దాచలేదు. అయినను ఇది చూసినవారిని తమ అమ్మమ్మల వైపు తిరిగి చూచునట్లు చేసింది. అంతకు మించిన సిద్ధి ఏ కళాకృతికి కావలెను? నక్షత్రాల బాట కట్టుకథ కాదని కమల తెలుసుకొన్నది అమ్మమ్మ జీవించి ఉండగానే. మనకు కంకణం లేదు, కాలంలో వెనుకకు పోయే శక్తి లేదు. అడిగే నోరు, వినే చెవి, వ్రాసే చేయి ఉన్నాయి. పెద్దలు ఉన్నంతలోనే వాటిని వినియోగించుకొందము.