డిస్నీల్యాండ్ దుకాణాలు: జ్ఞాపిక సరుకుగా మారిన విధము

మా ఉర్దూ శాఖలోని మిత్రులొకరి కుమార్తె కాలిఫోర్నియా నుండి సెలవులకు వచ్చినప్పుడు తండ్రికి రెండు కానుకలు తెచ్చినది. అందులో ఒకటి మిక్కీ మౌస్ బొమ్మ గల నీళ్ళ సీసా. మిత్రులు దానిని అధ్యాపకుల గదిలోని బల్లమీద ఉంచి, అనాహైమ్ నగరంలోని డిస్నీల్యాండ్ నుండి వచ్చినదని మురిసిపోతూ చెప్పారు. ప్రక్కనున్న మరొక అధ్యాపకుడు దానిని చేతిలోకి తీసుకొని, "ఇటువంటిదే మా పిల్లవానికి హైదరాబాదులో కొన్నాను గదా" అన్నాడు. తిరగవేసి చూడగా అడుగున చైనాలో తయారైనట్లు ముద్ర ఉన్నది. మిత్రులు నవ్వి, "అయితే ఇది సామాన్ మాత్రమే, నిషానీ కాదు" అన్నారు.

నవ్వుతూ అన్నప్పటికీ ఆ మాట మమ్ము వదలలేదు. సామాన్ వేరు, నిషానీ వేరు. నిషానీ అనగా గురుతు. మనము ఒక చోట ఉన్నామనుటకు అది సాక్షి. 1893లో చికాగో నగరంలో జరిగిన మహా ప్రదర్శనకు వచ్చినవారు ఒక సెంటు నాణెమును రెండు రోలర్ల నడుమ నొక్కించి, దానిపై ప్రదర్శన పేరు అచ్చు వేయించుకొని ఇంటికి తీసుకొనిపోయారు. ఆ రాగిముక్కకు అంగడిలో విలువ లేదు. అయినను అది మరొక చోట పుట్టజాలదు. ఇప్పుడు వినోదోద్యానాలలో, అనగా థీమ్ పార్కులలో, అమ్ముడయ్యే వస్తువులలో అధిక భాగము ఈ గుణమును పోగొట్టుకొన్నవి. ఏ విధముగా పోగొట్టుకొన్నవో డిస్నీల్యాండును ఉదాహరణగా తీసుకొని పరిశీలింతము.

డిస్నీల్యాండ్ 1955 జూలై 17న ప్రారంభమైనది. వాల్ట్ డిస్నీ వద్ద ఉద్యానమునకు కావలసిన ధనము చాలినంత లేనందున, ముఖద్వారము వద్దనున్న మెయిన్ స్ట్రీట్ అను వీధిలోని దుకాణాలు పెక్కింటిని ఇతర సంస్థలకు అద్దెకిచ్చి, ఆ సొమ్మును నిర్మాణమునకు వాడుకొన్నాడు. అవసరము కొద్దీ చేసిన ఈ పని విచిత్రమైన ఫలితము నిచ్చినది. ఆ వీధిలో ప్రతి దుకాణము ఒక్కొక్క విధముగా ఉండేది. అప్‌జాన్ అను మందుల సంస్థ పాతకాలపు ఔషధశాలను నెలకొల్పి, వచ్చినవారికి విటమిన్ బిళ్ళలు గల చిన్న సీసాలను ఉచితముగా ఇచ్చేది. ఆ మందుల దుకాణము 1970 వరకు నడచినది. స్త్రీల లోదుస్తులు అమ్మే దుకాణము సైతము ఒకటి ఉండేదట! అది ఎక్కువ కాలము నిలువలేదనుటలో ఆశ్చర్యము లేదు.

ఫాంటసీల్యాండ్ అను భాగంలో మెర్లిన్ పేరుగల ఇంద్రజాల వస్తువుల దుకాణము ఉండేది. తరువాతి కాలంలో ప్రసిద్ధ హాస్యనటుడైన స్టీవ్ మార్టిన్ బాల్యంలో ఈ ఉద్యానంలోనే మార్గదర్శిని పుస్తకాలు అమ్మి, ఆ పిమ్మట ఈ దుకాణంలో పని చేశాడు. అమ్మకమనగా అక్కడ గల్లా వద్ద కూర్చొనుట కాదు. పేకముక్కల గారడీ చేసి చూపితేనే ఆ ముక్కలు అమ్ముడుపోయేవి. వస్తువుతో బాటు దానిని చేసి చూపిన మనిషి కూడ కొన్నవారి జ్ఞాపకంలో నిలిచేవాడు. 1983లో ఆ భాగమును పునర్నిర్మించినప్పుడు ఆ దుకాణము మూతపడినది.

1966లో తెరచిన న్యూ ఆర్లియన్స్ స్క్వేర్‌లో మరొక దుకాణముండేది. దాని పేరే "ఒకే ఒక్కటి" అను అర్థము నిచ్చేది. అందులో నిజమైన పురాతన వస్తువులు అమ్మేవారు: పాత దీపాలు, పాత గడియారాలు, పాత సామగ్రి. ఒకరు కొన్నది మరొకరికి దొరకదు. పిల్లల ఉద్యానంలో పురాతన వస్తువుల అంగడి ఎందుకని నేటి లెక్కల గుమస్తా తప్పక అడుగును. ఆ దుకాణము 1990 దశకంలో మూతపడినది. అమెరికా ఆదివాసుల చేతిపనులను అమ్మిన దుకాణమొకటి అంతకు ముందే, 1980 దశకం చివర, పోయినది. ఆ స్థలంలో మెత్తని దూది బొమ్మలు వచ్చినవి.

పూర్వము అంతయు బంగారమని చెప్పుట మా ఉద్దేశము కాదు. చౌకబారు వస్తువులు మొదటి దినము నుండియు అక్కడ ఉన్నవి. మిక్కీ బొమ్మను ఇతరుల సరుకులపై వేసుకొనుటకు అనుమతు లిచ్చే వ్యాపారము ఉద్యానమునకు 20 ఏండ్లకు పైగా ముందే సాగినది. మిక్కీ చేతి గడియారము 1933లోనే వచ్చినది. కాని ఒక వీధిలో చౌక టోపీయు, పురాతన దీపమును, గారడీ పేకయు, గాజు బొమ్మయు ప్రక్కప్రక్కన ఉండుట వేరు, ఒకే టోపీ అన్ని దుకాణాలలో ఉండుట వేరు.

ఇందుకు కారణాలు చూతము. అద్దె ఒప్పందాల గడువులు తీరిన కొలది సంస్థ దుకాణాలను తన చేతిలోకి తీసుకొన్నది. పదిమంది వ్యాపారుల పది అభిరుచుల స్థానంలో ఒక కొనుగోలు శాఖ వచ్చినది. ఉద్యానము తెరచిన మరుసటి సంవత్సరమే, 1956 ఏప్రిల్ 26న, మాల్కం మెక్లీన్ అను వ్యాపారి 58 అల్యూమినియం పెట్టెలను ఓడపై పెట్టి నూవార్క్ నుండి హ్యూస్టన్‌కు పంపినాడు. ఈ రెండు సంఘటనలకు సంబంధమున్నదని ఆనాడు ఎవరు ఊహింపగలరు? ఆ పెట్టెల రవాణా లోకమంతట వ్యాపించిన పిమ్మట, కూలి తక్కువగా నున్న దేశంలో చేయించి ఏ రేవుకైనను చౌకగా తెప్పించుట సాధ్యమైనది.

ఇక్కడ వాణిజ్యశాస్త్ర విద్యార్థులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి ఉన్నది. ఒక నమూనాను వేయి చేయించుటకంటె లక్ష చేయించినచో ఒక్కొక్కదాని ఖర్చు తగ్గును. కాని దానిపై "డిస్నీల్యాండ్" అని వ్రాసినచో అనాహైమ్‌లో మిగిలిన సరుకును ఫ్లారిడాలోని ఉద్యానంలో అమ్ముట కుదరదు. కనుక ఊరు పేరు తీసివేసి, "డిస్నీ పార్క్స్" అని మాత్రము వ్రాయుట లాభము. ఏ ఉద్యానమైనను సరిపోవును, ఏ గిడ్డంగి నుండి ఏ గిడ్డంగికైనను పంపవచ్చును. గుమస్తా దృష్టిలో ఇది సంపూర్ణమైన సరుకు. యాత్రికుని దృష్టిలో సాక్షి నోటినుండి ఊరిపేరు తుడిచివేయబడినది.

1987 మార్చి 28న కాలిఫోర్నియాలోని గ్లెండేల్ నగరపు అంగడి సముదాయంలో మొదటి డిస్నీ స్టోర్ తెరచినారు. పదేండ్లు తిరుగునప్పటికి అట్టివి వందల సంఖ్యకు చేరినవి. ఉద్యానమునకు పోనక్కర లేకుండ ఆ బొమ్మలు ఊరి అంగడిలోనే దొరికినవి. 2021లో సంస్థ ఉత్తర అమెరికాలోని అట్టి దుకాణాలు అనేకము మూసివేసి అంతర్జాలపు అమ్మకము వైపు మరలినది. ఇక అంగడికి పోవలసిన పని కూడ లేదు.

అనాహైమ్ ప్రక్కనే బ్యూనా పార్కులో నాట్స్ బెర్రీ ఫార్మ్ అను మరొక ఉద్యానము ఉన్నది. దాని కథ తలక్రిందులు. అక్కడ ముందు పుట్టినది ఉద్యానము కాదు, జాము సీసా! వాల్టర్ నాట్, కార్డీలియా దంపతులు బాయిసెన్‌బెర్రీ పండ్లు పండించి, దారిన పోవువారికి పండ్లు, జాము అమ్మి, 1934 నుండి కోడిమాంసపు భోజనము పెట్టిరి. భోజనమునకు వేచియున్నవారికి కాలక్షేపముగా 1940లో పాత గనుల పల్లె నొకదానిని కట్టుట ఆరంభించినారు. అదే పెరిగి ఉద్యానమైనది. 1995లో జాము వ్యాపారము ఒక పెద్ద ఆహార సంస్థకు, 1997లో ఉద్యానము మరొక సంస్థకు అమ్ముడైనవి. సీసాపై పేరుకు యజమాని ఒకరు, ఆ పేరు పుట్టిన తోటకు యజమాని మరొకరు అయినారు. మా ఎరుకలో ఇంతకంటె చిత్రమైన విభజన మరొకటి లేదు.

ఒక ఆక్షేపణ రావచ్చును. బిద్రీ పాత్ర బీదరులోనే గాక హైదరాబాదులోను దొరుకును గదా, అంతమాత్రమున దాని విశిష్టత పోయినదా? పోలేదు. అమ్మే చోటు మారినను చేసే చోటు మారలేదు. ఆ పాత్రకు నల్లని రంగు పట్టించుటకు నేటికీ బీదరు కోట మట్టినే వాడుదురు. కొండపల్లి బొమ్మ ఏ ఊరి అంగడిలో ఉన్నను తెల్లపొణికి కర్రతోనే చేయుదురు. అమ్మకము ఎక్కడ అనునది ఒక ప్రశ్న. పుట్టుక ఎక్కడ అనునది మరొకటి. ఉద్యానపు సీసాకు ఈ రెండింటిలో ఏదియు లేదు.

వ్యాపారులు ఈ లోపమును ఎరుగకపోలేదు. జపాను దేశంలో ఊరు పోయి వచ్చినవాడు ఇంటివారికి, తోటి ఉద్యోగులకు ఆ ఊరి తినుబండారము తెచ్చుట ఆచారము. టోక్యో నగర సమీపంలోని డిస్నీసీ ఉద్యానము డఫీ అను ఎలుగుబంటి బొమ్మను 2005లో ప్రవేశపెట్టి, చాల కాలము అక్కడ తప్ప మరెక్కడ దొరకదను మాటతోనే దానికి గిరాకీ కలిగించినది. ఓర్లాండోలో 2010లో తెరచిన హ్యారీ పాటర్ ఉద్యానంలో మంత్రదండము అమ్ముటయే ఒక చిన్న నాటకము. 2014 నుండి కొన్ని దండాలు అక్కడి కిటికీల ముందు ఆడించినచో బొమ్మలు కదులును. ఇంటికి తెచ్చిన పిమ్మట అది ఒట్టి కర్రపుల్ల. ఉపాయము గొప్పదే. అయితే ఆ దండాలే తరువాత ఒసాకాలోను, హాలీవుడ్‌లోను అమ్మకమునకు వచ్చినవి.

నిజముగా మిగిలినది చేతిపని. 1967 నుండి డిస్నీల్యాండులో స్పెయిన్ దేశీయులైన అరిబాస్ సోదరుల గాజు దుకాణము ఉన్నది. మంటపై గాజును కరగించి ఆకారము తీయుటను జనము నిలబడి చూచుట అక్కడి పరిపాటి. మెయిన్ స్ట్రీట్‌లోనే మరొక చిన్న దుకాణంలో, కూర్చున్న మనిషి ముఖమును ప్రక్కనుండి చూచి, పెన్సిలు గీత లేకుండ నల్ల కాగితమును కత్తెరతో ఆ ఆకారముగా కత్తిరించి ఇచ్చుదురు. కొద్ది నిముషాల పని. అట్టి పనివారికి గిడ్డంగి అక్కరలేదు, నమూనా అక్కరలేదు. కాని లక్ష చేయించుట కుదరదు గనుక, ఏ కొనుగోలు శాఖ లెక్కకైనను వారు అందరు.

మిత్రుల కుమార్తె తెచ్చిన రెండవ కానుక అటువంటి నల్ల కాగితమే. ముక్కు తండ్రి పోలిక, నుదుటిపై చెదరిన ముంగురు లొకటి రెండు. నీళ్ళ సీసా ఇప్పుడు మా అధ్యాపకుల గదిలో అందరి వాడుకలో ఉన్నది. మూత కూడ పోయినది. కాగితమునకు పటము కట్టించి వారు ఇంటిలో తమ వ్రాతబల్ల ఎదుటి గోడకు తగిలించుకొన్నారు.