రేటు దిగేదాకా ఆగాలా?
(కొనుగోళ్లు, అమ్మకాలు: ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: ఉక్కు ప్లాంటులో రిటైరై రిసాలిలో ఇల్లు కట్టుకుంటున్నాను. పునాది అయింది. వానల్లో ఇనుము రేటు దిగుతుంది, ఆగమని బావమరిది అంటాడు. ఇప్పుడే కొనమని మేస్త్రీ. అయినా కొలిమి పక్కన ముప్ఫయ్యేళ్లు బతికినవాళ్లం, మనకీ నాగపూర్ వాడికీ ఇంచుమించు ఒకటే రేటేమిటండీ?
- ఒక పాఠకుడు, భిలాయి

జవాబు: రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. భిలాయి నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ బాధ పదేపదే కనిపిస్తోంది. 1956 నుంచి 1992 దాకా ఉక్కుకి రవాణా ఖర్చుల సమానీకరణ ఉండేది. ప్లాంటు గేటు దగ్గర కొన్నా, మద్రాసులో కొన్నా ఒకటే ధర. గనులు, కొలిమి, పొగ ఈ ప్రాంతానివి, చవక మాత్రం అందరిదీ. 1992 జనవరిలో ధరల కంట్రోలు పోయింది, సమానీకరణా పోయింది. అయినా మీకు ఒరిగింది తక్కువే. ఎందుకంటే కంపెనీ తన ఖర్చొక్కటే చూసి ధర పెట్టదు. మీరు వద్దంటే ఇంకొకరు ఎంతకి కొంటారో కూడా చూస్తుంది. రాయపూర్ దగ్గర సిల్తరా, ఉర్లాల్లోని రోలింగు మిల్లులు పెద్ద ప్లాంటు రేటు చూసుకుని, దానికి కాస్త కిందగా తమ రేటు పెట్టుకుంటాయి. లారీ కిరాయిలో మిగిలింది అమ్మేవాడి దగ్గరే ఉండిపోతుంది. దాన్ని రాబట్టాలంటే మీరు నలుగుర్ని అడగాలి. ఊరి మీద అభిమానం రేటు తగ్గించదు.

ఇక ఆగడం సంగతి. వానాకాలంలో కట్టుబడి మందగిస్తుంది, రేటు మెత్తబడడం కద్దు. కానీ ఆ సంగతి మీ బావమరిదికి తెలిసినట్టే డీలరుకీ తెలుసు, మిల్లుకీ తెలుసు. డీలరు ముందే సరుకు తగ్గించుకుంటాడు, మిల్లు మరమ్మతులు ఆ నెలల్లో పెట్టుకుంటుంది. అందరూ ఎదురుచూసే తగ్గింపులో మిగిలేది కొంచెమే. 2020 చివర్లో దిగుతుందని ఆగినవాళ్లు 2021లో ఇంకా ఎక్కువ పోసి కొన్నారు. 2022 మే నెలలో కేంద్రం ఉక్కు మీద 15 శాతం ఎగుమతి పన్ను వేసింది, బయటికి వెళ్లాల్సిన సరుకు ఇక్కడే మిగిలి ధర పడింది. నవంబరులో ఆ పన్ను తీసేశారు. ఆగి లాభపడినవాళ్లకు గానీ, ఆగి నష్టపోయినవాళ్లకు గానీ ముందు తెలిసిందేమీ లేదు.

మీరు చేయగలిగింది వేరే ఉంది. స్లాబుకి ఏ సైజు ఎంత కావాలో ఇంజనీరు చేత రాయించుకోండి. ఆ కాగితం ముగ్గురు డీలర్లకు చూపించి కిలో రేటు అడగండి. నెలాఖరు వారంలో అడగండి, మార్చి అయితే మరీ మంచిది. కంపెనీ పెట్టిన టార్గెట్టు పూర్తయితేనే డీలరుకి రిబేటు, అందుకే ఆ రోజుల్లో అతను దిగివస్తాడు. ముక్క రేటుకి మాత్రం ఒప్పుకోకండి. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం రాడ్డు 10.66 కిలోలు తూగాలి. ఐఎస్ 1786 ప్రమాణం 5 శాతం తేడాకి ఒప్పుకుంటుంది. కట్ట తూచి సగటు తీస్తే 10.1 కిలోలకు తక్కువ వచ్చిందా, ఆ చవక రేటు చవక కాదు.

ప్రశ్న: రేపు రేటు పెరుగుతుంది, ఇవాళే అడ్వాన్సు కట్టమని డీలరు తొందరపెడుతున్నాడు. నమ్మొచ్చా?
- సుపేలా

జవాబు: పెరుగుతుందని అతనికి నిజంగా తెలిస్తే ఇవాళ మీకు అమ్మడు.

ప్రశ్న: ఖుర్సీపార్‌లో ఉంటాను, చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. పది టన్నుల ప్లేటు అడిగితే ఐదే ఇస్తున్నారు. అందుకని ఈసారి ఇద్దరు డీలర్లకి చెరో పది చెప్పాను. ఇందులో తప్పుందా?

జవాబు: ఉంది. మీరొక్కరే ఈ పని చేస్తే ఫరవాలేదనిపిస్తుంది, కానీ మీ వీధిలో షాపులన్నీ ఇదే చేస్తున్నాయి. పది టన్నుల అవసరం ఇరవైగా డీలర్లకి చేరుతుంది, వాళ్లు తమ భయం కొంత కలిపి పైకి పంపుతారు, మిల్లుకి అది ముప్ఫయిలా కనపడుతుంది. లేని గిరాకీ చూసి రేటు పెంచుతారు. ఆ రేటు కట్టేది మీరే. తీరా సరుకు ఒక్కసారిగా దిగితే ఇద్దరిలో ఒకరికి వద్దని చెప్పాలి. మరుసటి కొరతలో ఆ డీలరు మిమ్మల్ని ఎందుకు తలచుకుంటాడు? కంట్రోలు కాలంలో ఇండెంట్లు ఇలాగే ఉబ్బేవి. అవసరం లేనివాడికి అందిన కోటా బ్లాకులోకి పోయేది, అవసరమున్నవాడు అక్కడికెళ్లి కొనుక్కునేవాడు. హవ్ లీ అనే ఆచార్యుడు సహచరులతో కలిసి 1997లో రాసిన వ్యాసంలో, గిరాకీ లెక్కలు తప్పడానికి చెప్పిన నాలుగు కారణాల్లో కొరత భయంతో పెంచి రాసే ఆర్డరు ఒకటి. ఇవాళే రెండో ఆర్డరు రద్దు చేయండి. మిగిలిన డీలరుకి ఏ వారం ఎంత ప్లేటు కావాలో కాగితం మీద రాసిచ్చి, మొదటి ఐదు టన్నులకి అడ్వాన్సు కట్టండి. కచ్చితంగా తీసుకెళ్లేవాడికే డీలరు ముందు ఇస్తాడు.

ప్రశ్న: రైలు పట్టాలు కొనేది రైల్వే ఒక్కటే, చాలాకాలం అమ్మింది మన ప్లాంటు ఒక్కటే. మరి బేరం ఎలా తెగేది?
- కాలేజీ విద్యార్థి

జవాబు: రెండు పక్కలా సర్కారే కాబట్టి ఖర్చులు లెక్కగట్టి ధర తేల్చేవారు. చిక్కంతా సరుకు దగ్గర వచ్చింది. పాత పట్టాలు మార్చే పని పెరిగి, భిలాయి ఇచ్చేది చాలక రైల్వే 2017లో గ్లోబల్ టెండరు పిలిచింది. మరుసటి ఏడాది జిందాల్ స్టీల్‌కి కొంత ఆర్డరు వెళ్లింది. ఇంకొకడు అమ్మగలడని తేలాక పాత అమ్మకందారు సమయానికి సరుకు ఇవ్వడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టక తప్పదు.

ప్రశ్న: సెక్టారు 6లో ఇంట్లోనే చీరలమ్ముతాను. తెలుగువాళ్లంతా ఆషాఢం తగ్గింపు కోసం చూస్తున్నారు. వైశాఖంలో పెళ్లిళ్లకి కూడా పాత చీరలతో సరిపెట్టుకుంటున్నారు. తగ్గింపు మానేయనా?

జవాబు: ఆగడం వాళ్లకి నేర్పింది మీరేనమ్మా. ఏటా ఒకే నెలలో, అన్ని చీరల మీదా తగ్గిస్తే బుద్ధున్నవాళ్లెవరైనా ఆగుతారు. అలాగని ఒక్కసారిగా మానేయకండి. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ 2012లో కూపన్లు, సేల్‌లు ఆపేసి ఒకే ధర పెట్టింది. ఆ ఏడాది అమ్మకాలు నాలుగోవంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో పెద్ద అధికారిని ఇంటికి పంపారు. ఒకే ధర మంచిదే. నేనెప్పుడూ దాని పక్షమే. కానీ కొనేవాళ్లు దాన్ని నమ్మడానికి కాలం పడుతుంది.

ఈ ఏడు ఆషాఢంలో ఆరు నెలలు దాటిన చీరలే తగ్గించండి, కొత్తవి బయటికి తీయొద్దు. కొత్త చీరకి ధర చీటీ మీద రాసి కుట్టండి, ఎవరడిగినా అదే చెప్పండి. మొహమాటానికి పక్కింటావిడకి రెండొందలు తగ్గించారో, ఆ వారమే సెక్టారు 5 బాలాజీ గుడిలో ఆ మాట అందరికీ తెలుస్తుంది, పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు మళ్లీ మీ గుమ్మం ఎక్కరు. శ్రావణానికి తెప్పించే సరుకు కూడా ఈసారి కొంచెం తక్కువే తెప్పించండి. మిగిలిపోతే తగ్గిస్తుందిలే అన్న ఆశ వాళ్లకి అప్పుడు కలగదు.