చెరువుకు చెందిన పదియవ వంతు

దశమభాగము అను మాట మన సంఘములలో ఎరుగనివారు లేరు. పంట ఇంటికి వచ్చినప్పుడు పదింట ఒకటి వేరుగా నుంచు పెద్దలు మన పల్లెలలో ఇప్పటికిని కలరు. అయితే ఒకప్పుడు మన తెలుగుదేశములో ఇట్టి పదియవ వంతు చెరువునకు కూడ చెల్లుచుండెనని చాలమందికి తెలియదు. అదే కాలమున ఐరోపా ఖండములోని పల్లెలలో పదియవ పన దేవాలయపు కొట్టుకు పోవుచుండెను. ఈ రెండు పదియవ వంతులను ప్రక్కప్రక్కన పెట్టి, ఆరేడు వందల యేండ్ల క్రిందటి సామాన్య ప్రజలు ఎట్లు బ్రదికిరో ఈ మాసపు పాఠములో తెలిసికొందము. పాత సంగతులు మనకెందుకని అనుకొనవద్దు. మన పిల్లలు పనికి పోవుచున్న హైదరాబాదు హైటెక్ సిటీలోనే ఈ పాఠము మొదలగుచున్నది.

1. రెండు గుట్టల నడుమ నీరు

హైదరాబాదునకు పడమట మాదాపూర్ అను గ్రామముండెను. దాని చుట్టును రాతిగుట్టలు, మేకల మందలు, అక్కడక్కడ పొలములు. 1998 నవంబరు 22వ తేదీన ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. తరువాత కొండాపూర్, గచ్చిబౌలి వరకును అద్దాల మేడలు లేచినవి. మన పల్లెల నుండి చదువుకొన్నవారు అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చుండుచున్నారు. చదువు చాలనివారు కావలి కాయుచు, కార్లు నడుపుచు, వంటశాలలలో గిన్నెలు కడుగుచు జీవించుచున్నారు. ఏ పల్లెలో విచారించినను అక్కడ ఒక కుమారుడో, కుమార్తెయో, అల్లుడో ఉన్నాడని చెప్పుదురు.

ఆ మేడల ప్రక్కనే రెండు గుట్టల నడుమ దుర్గము చెరువు కలదు. దానిమీద కట్టిన తీగల వంతెనను 2020 సెప్టెంబరు 25న తెరచిరి. సాయంకాలమున జనులు ఆ వంతెనమీద నిలిచి దీపముల వెలుగు చూచి సంతోషింతురు. ఆ నీరు ఎవరికొరకు నిలిపిరో తలంచువారు కొద్దిమంది. 1518 మొదలు 1687 వరకు గోలకొండను కుతుబ్ షాహీ సుల్తానులు ఏలిరి. ఆ దినములలో గోలకొండ కోటలోని ప్రజలు ఈ చెరువు నీటినే త్రాగిరి. మట్టి గొట్టముల ద్వారా నీటిని కోటకు పారించి, చక్రములతో తోడి పైకెక్కించెడివారు. కోటను చూడబోయినవారికి ఆ మట్టి గొట్టముల ముక్కలు గోడలలో నేటికిని కనబడును. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ సాగర్ కట్టబడెను. ఆ పనిని నడిపించిన హుస్సేన్ షా వలీ సమాధి ఇప్పటి హైటెక్ సిటీకి దూరము కాదు.

సుల్తానులకు ముందు కాకతీయులు ఏలిరి. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యము చేసెను. పాకాల, రామప్ప చెరువులు ఆయన కాలమునాటివి. నేటికిని వాటి క్రింద వరి పండుచున్నది. ఏడెనిమిది వందల యేండ్లు ఒక మట్టికట్ట నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. అది ఎట్లు నిలిచెను?

2. దశబంధము

చెరువు కట్టుట ఒకసారి చేయు పని. చెరువును కాచుట ప్రతి సంవత్సరము చేయు పని. వాన కురిసినప్పుడెల్ల కట్టమీది మట్టి జారును. ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేయును. తూములో బురద నిండును. అలుగు రాళ్లు కదలును. పూడిక పేరుకొని చెరువు కడుపు చిన్నదగును. రాజు ఒకసారి ధనమిచ్చి చెరువు త్రవ్వింపవచ్చును గాని, ప్రతి తొలకరికి వచ్చి గంపతో మట్టి వేయడు గదా!

ఇందుకు మన పూర్వులు కనుగొన్న ఉపాయమే దశబంధము. చెరువు కట్టించినవానికి, లేక తెగిన చెరువును బాగు చేయించినవానికి, ఆ చెరువు క్రింది భూమిలోగాని పంటలోగాని పదియవ వంతు ఇచ్చెడివారు. అయితే అది ఊరక ఇచ్చిన బహుమానము కాదు. అతడును అతని తరువాతివారును ఆ చెరువును చక్కగా కాచుచుండవలెను. రాయలసీమలో ఇట్టి దశబంధ మాన్యములు ఇంగ్లీషువారి కాలము వరకు లెక్కలలో నడచినవి.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరములు పట్టెనని ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు ఉండవలసిన 12 అంగములును, ఉండరాని 6 దోషములును అందులో చెక్కిరి. కట్ట నుండి నీరు ఊరుట ఒక దోషము. చవుడు నేల ఒక దోషము. నీరు కొంచెమై భూమి ఎక్కువగుట ఒక దోషము. నీరు ఎక్కువై భూమి కొంచెమగుట మరియొకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు దోషమేనని వ్రాసిరి. ఇద్దరి సొత్తైన దానిని ఇద్దరిలో ఎవరును కాయరని వారికి తెలిసియుండెను కాబోలు.

3. ఐరోపా పల్లెలో పదియవ పన

ఇప్పుడు సముద్రము దాటి చూతము. పోరుమామిళ్ల శాసనము వేసిన నాటికి ఐరోపా గొప్ప తెగులు నుండి అప్పుడప్పుడే తేరుకొనుచుండెను. 1347 మొదలు 1351 వరకు వ్యాపించిన ఆ తెగులువలన అక్కడి జనములో మూడవ వంతునకు తక్కువ గాకుండ చనిపోయిరి.

ఆ దేశములలో మనుష్యులు మూడు విధములవారని చెప్పుకొనెడివారు: ప్రార్థించువారు, యుద్ధము చేయువారు, కష్టపడువారు. కష్టపడువారిలో అనేకులు దొర భూమికి కట్టుబడిన రైతులు. వారమునకు రెండు మూడు దినములు దొర పొలములో కూలి లేక పని చేయవలెను. ధాన్యము దొరగారి మరలోనే విసరించి, విసిరినందుకు వంతు ఇయ్యవలెను. కుమార్తెకు పెండ్లి చేయవలెనన్న దొరకు రుసుము చెల్లింపవలెను. ఇంటి యజమానుడు చనిపోయినయెడల ఇంటిలోని మంచి పశువును దొర తోలుకొనిపోవును. ఊరి పొలమును మూడు భాగములు చేసి, ఒక దానిని ప్రతి సంవత్సరము బీడుగా విడిచెడివారు. బార్లీ రొట్టె, కూరలు వేసి కాచిన జావ వారి ఆహారము. మాంసము ఎప్పుడో ఒకప్పుడు. కోతలైన పిమ్మట బీదలు పరిగె యేరుకొనెడివారు. రూతు చేసిన పని మన పల్లెలలో వలెనే అక్కడను ఉండెను.

ఇట్టి రైతు తన పంటలో పదియవ పనను దేవాలయమునకు ఇయ్యవలెను. ఇది మొదట ఇష్టపూర్వకమైనది. 779వ సంవత్సరమున షార్లమేన్ అను ఫ్రాంకుల రాజు దీనిని తప్పక చెల్లింపవలెనని చట్టము చేసెను. ధాన్యము మాత్రమే గాక గొఱ్ఱెపిల్లలు, ఉన్ని, గ్రుడ్లు కూడ లెక్కకు వచ్చెను. ఈ భాగమును పంచు విధమును చక్కగానే ఏర్పరచిరి. బిషప్పునకు కొంత, ఊరి పాదిరికి కొంత, దేవాలయపు కట్టడమునకు కొంత, బీదలకు కొంత.

కాని నడువగా నడువగా ఏమాయెను? అనేక స్థలములలో ఊరి పదియవ వంతును తీసికొను హక్కు దూరపు మఠములకును, కొన్ని చోట్ల దొరలకును చేరెను. ఊరి గాదె నుండి బండ్లు బయలుదేరి ఊరు విడిచిపోయెను. ఊరిలో సేవ చేయువానికి చిన్న భాగము మిగిలెను. బీదలకు అంతకంటె తక్కువ మిగిలెను. అందుచేత పవిత్రమని మొదలైన భాగమును చూచి రైతులు సణుగసాగిరి. ఫ్రాన్సులో 1789 నాటి విప్లవము దీనిని కొట్టివేసెను. ఇంగ్లండులో 1836 నాటి చట్టము దీనిని రొక్కపు చెల్లింపుగా మార్చెను.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. పదియవ వంతు తీయుట రెండు దేశములలోను ఉండెను. ఐరోపాలో అది క్రమముగా హక్కుగా మారెను. హక్కును అమ్మవచ్చును, కొనవచ్చును, దూరముగా కూర్చుండి అనుభవింపవచ్చును. దశబంధము పనికి కట్టబడియుండెను. కట్ట తెగినయెడల పంట ఉండదు. పంట లేనియెడల పదియవ వంతును ఉండదు. తీసికొనువాని భోజనము కట్ట క్షేమముతో ముడిపడియుండెను. ఆ ముడి ఉన్నంతకాలము చెరువు నిలిచెను. ముడి వదలిన చోట్ల ఇనాము భూమి మిగిలెను గాని చెరువు పూడిపోయెను.

4. త్రవ్వినవారి సంగతి

ఇది చదివి మన దేశమే మేలని అతిశయపడరాదు. చెరువు త్రవ్వినవారెవరు? ఉప్పరులు మట్టి మోసిరి. వడ్డెరలు రాయి కొట్టిరి. మాదిగవారు తోలు కుట్టి మోటబొక్కెనలు చేసిరి. ఊరి ఆయగాండ్రలో నీరటి అనువాడొకడు. అతడు రాత్రింబగళ్లు కట్టమీద తిరిగి, తూము తెరచి, ఎవరి మడికి ఎంత నీరో వంతు తప్పక పారించెడివాడు. కళ్లములో అతనికి కొంత ధాన్యము కొలిచెడివారు. అనేక గ్రామములలో ఈ నీరటి ఊరి వెలుపలి పల్లెకు చెందినవాడు. ఊరందరి పొలములకు నీరు పంచిన అతనికి ఊరి బావిలో చేద వేయుటకు మాత్రము అనుమతి లేదు! తూము అతని చేతిలోనుండెను గాని, ఆయకట్టులో మడి అతనిది కాదు. పోరుమామిళ్ల చెరువు కట్టించిన రాజకుమారుని పేరు మనమెరుగుదుము. త్రవ్వినవారు వేయిమంది అను లెక్కగా మాత్రమే మిగిలిరి.

ఐరోపాలో కట్టుబడిన రైతుకు ఒక దారి యుండెను. పారిపోయి పట్టణము చేరి, దొరకు చిక్కక అక్కడ ఒక సంవత్సరము ఒక దినము నివసించినయెడల, అనేక పట్టణములలో అతనిని స్వతంత్రునిగా ఎంచెడివారు. మన దేశములో ఊరు విడిచినను పుట్టుక విడువలేదు. దొర ఇంట వెట్టి చేసిన తాతల మనుమలు నేడు హైటెక్ సిటీలో నెలజీతము తీసికొనుట చిన్న సంగతి కాదు. పని కష్టమైనను, జీతము చాలకపోయినను, ఆ జీతము లెక్క ప్రకారము వారి చేతికి వచ్చుచున్నది. దీనిని మనము తేలికగా ఎంచరాదు.

5. నేటి లెక్క

దుర్గము చెరువునకు ఇప్పుడు ఆయకట్టు లేదు. పొలములు మేడలైనవి. పొలము లేదు గనుక నీరటి లేడు. ఆ నీటిమీద ఆధారపడి అన్నము తినువాడు లేడు. అందుచేత మురుగు వచ్చి కలిసినను, గుఱ్ఱపుడెక్క అల్లుకొనినను, ఎవరి కంచమును ఖాళీ కాలేదు. శుభ్రముచేయు పనులు అప్పుడప్పుడు జరిగినవి. ముడి మాత్రము తిరిగి పడలేదు.

నేటి ప్రభుత్వము కూడ ఒక వంతును ఏర్పరచినది. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, ఏడాదికి 5 కోట్ల రూపాయలు లేక అంతకు మించి లాభము గడించు కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు ప్రజోపయోగమునకు ఖర్చు చేయవలెను. అనగా పదియవ వంతు గాదు, ఏబదియవ వంతు. ఇది మంచిదే. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరున 46,000కు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి పని ఆరంభించెను. హైదరాబాదు చెరువుల ఆక్రమణలను అడ్డుకొనుటకు 2024 జూలైలో హైడ్రా అను సంస్థను ఏర్పరచిరి. అయితే డబ్బు ఇచ్చువాడు ఒకడు, పని చేయువాడు మరియొకడు, నీరు చెడినందున నష్టపడువాడు వేరొకడు అయినప్పుడు, పోరుమామిళ్లవారు చెప్పిన సరిహద్దు దోషము తిరిగి వచ్చినట్లే.

మన ఊరి చెరువు మాటేమి? పట్టణము నుండి పిల్లలు పంపిన డబ్బుతో బోర్లు వేసికొంటిమి. బోరు వచ్చిన పిమ్మట కట్టవైపు చూచుట మానితిమి. కాని చెరువు నిండినప్పుడే బోరులో నీరు ఊరునని ప్రతి రైతుకు తెలియును. గొలుసుకట్టులో పైచెరువు తెగినయెడల క్రింది ఊరు మునుగును. కట్ట కాచువాడు లేక చెరువు పోయినప్పుడు మొదట ఊరు విడుచువారు భూమి లేని బీదలే.

గనుక ఏ ఊరనైనను పదిమంది కలిసి సొమ్ము వేరుగా తీయునప్పుడు మూడు సంగతులు చూచుకొనవలెను. ఆ సొమ్ము ఒక పనికి కట్టబడియుండవలెను. పని నిలిచిననాడు చెల్లింపును నిలువవలెను. దాని లెక్క ఊరందరి యెదుట చదువబడవలెను. గంప మోసినవానికి ఫలములో పాలుండవలెను. ఐరోపావారు మొదటి రెంటిలో తప్పిపోయిరి. మన పూర్వులు మూడవదానిలో తప్పిపోయిరి. మనము మూడింటిని ఎరిగియున్నాము గనుక మనకు సాకు లేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఊరి చెరువు కట్ట, తూము, అలుగు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నవి? చివరిసారి పూడిక ఎప్పుడు తీసిరి?
2. మీ ఊరిలో నీరటి పని చేసిన కుటుంబము ఏది? వారికి చెరువు క్రింద భూమి ఉన్నదా?
3. దశబంధమునకును ఐరోపావారి పదియవ పనకును గల భేదమేమి?
4. పట్టణములో పని చేయుచున్న మీ పిల్లలు ఊరికి ఏదైన ఇయ్యదలచినయెడల, దానిని ఏ పనికి కట్టుదురు? లెక్క ఎవరు చదువుదురు?