జారిన లింగము వెంట వచ్చినది

గురువు ఇష్టలింగమును శిష్యుని కరస్థలమందుంచునపుడు జీతమెంత అని అడుగడు. కొలువు పోయినచో లింగమును తిరిగి ఇమ్మనడు. ఈ సంగతి లింగాయత కుటుంబములలో తెలియనివారు లేరు. అయినను అవమానము కలిగిన దినమున మొదట మరుపునకు వచ్చునది ఇదియే.

హైదరాబాదు మాదాపురములో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ ప్రాంతము వేలాది కుటుంబముల ఆశలకు నిలయమైనది. జహీరాబాదు, నారాయణఖేడ్ వైపునుండియు పిల్లలు అచ్చటికి పోయిరి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, లేని ధనమును లెక్కలలో ఉన్నట్లు చూపితినని లేఖలో ఒప్పుకొనెను. అప్పుడు ఆ సంస్థలో సుమారు 53,000 మంది పనిచేయుచుండిరి. తప్పు చేసినది కొందరు, తల వంచుకొన్నది వేలమంది. 2022 చివరను, 2023లోను పెద్ద సంస్థలు దేశదేశములలో ఉద్యోగులను తొలగించినపుడు హైదరాబాదులోనివారికిని ఆ బాధ తప్పలేదు.

కొలువు పోయిన యువకుడు ఉదయమే సంచి భుజమున వేసికొని హాస్టలు విడిచి ఎచ్చటనో ప్రొద్దు పుచ్చును. ఇంటినుండి ఫోను వచ్చినచో ఆఫీసులో ఉన్నాననును. జాతరకు రాడు, పెండ్లికి రాడు. క్రమముగా లింగార్చనయు మానును. ఏ ముఖముతో లింగకాయ విప్పుదును అని అతని వేదన. పైగా కాయకమే కైలాసమని చిన్ననాటినుండి వినియున్నాడు కదా! కాయకము పోయినచో కైలాసమును పోయినట్లే అనుకొనును. పెద్దలే ఆ మాటను కొరడాగా ఝళిపించిన ఇండ్లును లేకపోలేదు. కాయకమనగా నెలజీతము కాదు. చేతనైన పనిని నిజాయితీగా చేసి, ఫలమును దాసోహమునకు సమర్పించుట. ఆ పని తాళ్ళు పేనుటయైనను కావచ్చును.

తాళ్ళు పేనిన శరణుడు నులియ చందయ్య కథ శూన్యసంపాదనలో నున్నది. చందయ్య చెరువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినది. ఆయన దానిని తీసికొనక గడ్డిమోపుతో సాగిపోయెను. అప్పుడు లింగమే ఆయన వెంటబడినది, తన్ను స్వీకరింపుమని వేడినది. చందయ్య ఒప్పుకొనలేదు. మడివాళ మాచయ్య నడుమ నిలిచి నచ్చజెప్పవలసి వచ్చెను. తుదకు లింగయ్యయు కాయకము చేయవలెనను నియమముతో చందయ్య స్వీకరించెను. ఈ కథను కాయకమహిమకై చెప్పుట వాడుక. అది సరియే. కాని ఇందు మరియొక సంగతి కలదు: విడిచిపోయినది భక్తుడు, వెంట వచ్చినది దేవుడు. ఇక్కడ కొరవడినది శివుని ప్రేమ కాదు, దానిని పుచ్చుకొను చేయి. చందయ్య అంతటివానికే మాచయ్య కావలసివచ్చినపుడు, సిగ్గుతో గదిలో తలుపు వేసికొన్న పిల్లవానికి తోడు అక్కరలేదా?

తప్పు నిజముగా తనదే అయినచో? బూటకపు అనుభవపత్రముతో ఉద్యోగము సంపాదించి పట్టుబడినవారును ఉన్నారు. వారికి ఆయ్దక్కి లక్కమ్మ నడవడి తగినది. భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు ఆమె వానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. బియ్యమును వెనుకకు పంపినది, భర్తను ఇంటినుండి పంపలేదు. అసత్యమును ఒప్పుకొనుట, సరిదిద్దుట తప్పవు. అంతవరకు పూజ మానవలెనని ఏ గురువును చెప్పడు.

బసవేశ్వరునికిని నింద తప్పలేదు. బిజ్జలుని భండారమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు చెప్పిరి. లెక్క చూడగా ధనము తరుగలేదని బసవపురాణమున పాలకురికి సోమనాథుడు వర్ణించెను. తరువాత హరళయ్య, మధువరసల సంతానమునకు జరిగిన వివాహముతో కల్యాణము అల్లకల్లోలమైనపుడు ఆయన పదవిని, పట్టణమును విడిచి కూడలసంగమమునకు పోయెనని సంప్రదాయము. అచ్చటికి మంత్రిగా పోలేదు. బాల్యములో తన్ను చేరదీసిన సంగమనాథుని యొద్దకు, ఆనాటి బసవన్నగానే పోయెను.

కావున కుమారుడు పండుగకు రాకున్నచో తల్లిదండ్రులు ఉద్యోగమెట్లున్నదని కాక, భోజనము చేసితివా, లింగపూజ అయినదా అని మొదట అడుగవలెను. మఠములలో దాసోహపు పంక్తిని కూర్చున్నవానిని జీతమడుగు ఆచారము ఎన్నడును లేదు. ఆ పంక్తికి అతనిని పిలుచుకొనిరా నొకరు మాదాపురమువరకు పోవలెను. విభూతి, నీరు, ఒక పత్రి అతని గదిలోనైనను దొరకును.